మూడు ఆదివారాల కోటు

కిందటి వారం ఈ శీర్షికలో మాలకీ గాఫ్నీని ఊరి హాలు గుమ్మంలో నిలబెట్టి వదిలేశాను. పాపం, డెబ్బై నాలుగేళ్ల మనిషి, వారం రోజులుగా అక్కడే నిలబడి ఉన్నాడు. ఇంక లోపలికి రానిద్దాం.

అంతకుముందు జరిగింది మరిచిపోయిన వాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. పోయిన ఏడు హాలోవీన్‌కి మా డ్రమ్‌కీల్ ఊళ్లో ప్రతి కంచెకీ కొట్లో కొన్న ప్లాస్టిక్ సాలెగూళ్లు వేలాడదీశారు. పండగైన మూడో రోజున ఓ రాబిన్ పిట్ట వాటిలో రెక్కలు చిక్కుకుని చచ్చి వేలాడుతుంటే ఓర్లా అనే పిల్ల చూసింది. అప్పుడు దానికి ఏడేళ్లు. ఆ పిట్టను దోసిట్లో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, మాట్లాడకుండా అందరికీ చూపించి వచ్చింది. ఆ దెబ్బతో ఈ ఏడు కొన్న వేషాలూ వద్దు, ప్లాస్టిక్కూ వద్దు అని పిల్లలే తీర్మానించుకున్నారు. ఇళ్లలో పడున్న పాత బట్టలతో వేషాలు, మన తాతల నాటి లాగా టర్నిప్ దుంపలు తొలిచి దీపాలు. దుంపలు ఇస్తానన్నది మాలకీ. వేషాలు కుట్టిపెడతానన్నది నేను. నా పేరు డింప్నా, ఈ ఊరి ప్యాంట్ల అంచులన్నీ నలభై ఏళ్లుగా మడిచి కుడుతున్నది నేనే. హాల్లో ఒక పెద్ద పెట్టె పెట్టాం. అందులో పడిన గుడ్డ ఏదైనా అందరిదీ, అడక్కుండా కత్తెర వేయొచ్చు అన్నది షరతు.

గురువారం పొద్దున మాలకీ లేచి చూసేసరికి అతని టర్నిప్ చేలో దిష్టిబొమ్మ ఒంటి మీద కోటు లేదు. అది అతని భార్య రోజలీన్ కోటు. ఆమె పోయి రెండేళ్లయింది. మధ్యాహ్నం ట్రాక్టరు నిండా దుంపల బస్తాలు వేసుకుని హాలుకి వచ్చిన మనిషి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఎదురుగా డారా అనే ఆరేళ్ల గడుగ్గాయి ఆకుపచ్చ కప్ప వేషంలో గెంతుతున్నాడు. ఆ ఆకుపచ్చ గుడ్డ ఏ కోటుదో మాలకీకి ఒకరు చెప్పక్కర్లేదు.

"విప్పు," అన్నాడు.

డారా గెంతడం ఆపేశాడు. "నేను కప్పని," అన్నాడు, అదేదో మినహాయింపు అయినట్టు.

"కప్పవో, కోతివో, ముందు అది విప్పు."

నేను పిన్నులు నోట్లో పెట్టుకుని ఒక దెయ్యం అంచు సరిచేస్తున్నాను. పిన్నులు తీసేసి లేచేసరికి మాలకీ నా బల్ల దగ్గరికి వచ్చేశాడు. కీవనీ కవలల వెనక డ్రాగన్ తోకలు వేలాడుతున్నాయి. ఆ తోకలు రెండూ ఒకప్పుడు కోటు చేతులు. లోపల గడ్డి కూరి, కొస కుట్టేశాను. ఇంకో పిల్ల భుజాల మీద ఐవీ తీగ ఆకులు గుత్తులుగా ఉన్నాయి, అవి కోటు ముందు భాగాలు. ఇక ఎర్ర లైనింగ్ బల్ల మీదే పరిచి ఉంది.

మాలకీ ఒక్కొక్కటే అడిగి తీసుకున్నాడు. కసిరి లాక్కోలేదు, అందుకే నాకు ఇంకా భయం వేసింది. కప్ప వీపు మధ్యలో పెట్టాడు. తోకలు అటొకటి ఇటొకటి పెట్టాడు. ఆకులు ఎక్కడివక్కడ సర్దబోయి కుదరక ఊరుకున్నాడు. బల్ల మీద రోజలీన్ వెల్లకిలా పడుకున్నట్టుంది. 

"డింప్నా, ఇది ఎవరిదో తెలుసా నీకు?"

"పెట్టెలో ఉంది, మాలకీ."

"పెట్టెలో ఉంటే? రేపు ఫాదర్‌గారి అంగీ పెట్టెలో కనబడితే దానికీ కత్తెరేస్తావా?"

"వేస్తే గబ్బిలం వేషానికి బాగుంటుంది," అన్నాడు కవలల్లో ఒకడు. రెండోవాడు వాడి కాలు తొక్కాడు.

మాలకీ ఎర్ర లైనింగ్ ఎత్తి, దాని అంచు నా ముఖం ముందు పెట్టాడు. "ఈ కుట్టు ఎవరిది?"

కళ్లజోడు సర్దుకుని చూశాను. చూసి ఉండకపోతే బాగుండేది. పదకొండేళ్ల కిందట రోజలీన్ ఆ కోటు తీసుకుని నా కొట్టుకి వచ్చింది. "పైన ముసలిదాన్నే గానీ లోపల ఎర్రగా ఉండాలి డింప్నా" అంటూ నవ్వింది. లైనింగ్ మార్చింది నేనే. దగ్గర దగ్గరగా, వెనక్కి ఒకటి ముందుకి రెండు, ఆ కుట్టు ఈ చుట్టుపక్కల నేనొక్కదాన్నే వేస్తాను. రెండేళ్లు వానలో నాని, మట్టి కొట్టుకుపోయి ఉందని ఇప్పుడు సాకులు చెప్పొచ్చు. అసలు సంగతి, పొద్దున్నే ముప్పై వేషాల తొందరలో ఉండి నేను చూడలేదు.

"నాదే," అన్నాను.

"నీ కుట్టు నీకే తెలీలేదు. దాని స్నేహితురాలివి కూడాను." మాలకీ గొంతు పైకి లేవలేదు. "సరే. దుంపలు నావి, వెనక్కి తీసుకుపోతున్నా. పట్నం వెళ్లి బ్యాటరీ దీపాలు కొనుక్కోండి. మీ సాలెగూళ్లు కూడా కొనుక్కోండి. పాత వస్తువులంటే మీకు గౌరవమని వచ్చాను నేను. పాతదైతే చాలు, చింపుకోవచ్చు అనుకుంటున్నారని తెలీదు."

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు ఆ కోపం పోయి పిల్లల మీద పడింది. ఐవీ ఆకుల పిల్ల ఏడుపు మొదలెట్టింది. డారా కప్ప కళ్లు మాత్రం నెత్తిన పెట్టుకుని, కింద మామూలు చొక్కాతో నిలబడ్డాడు. నెల రోజులుగా ఆ పిల్లలు డబ్బాలు మోశారు, బొత్తాలు ఏరారు, అమ్మల్ని బతిమాలి కొట్టు వేషాలు మానిపించారు. అదంతా ఒక్క కోటుతో కొట్టుకుపోయేలా ఉంది. కోటు ఎవరు తెచ్చారో నాకు తెలియదు. కానీ కిటికీ పక్కన ఓర్లా తేలు కుట్టిన దొంగలా కూర్చుని ఉంది. ఎప్పటినుంచో ఒకే కాగితం కత్తిరిస్తోంది. కాగితం అయిపోయినా కత్తెర ఆడుతూనే ఉంది.

మాలకీ గుమ్మం దాకా వెళ్లాడు.

"తాతా, నేనే తీశాను."

హాల్లో అందరికీ తాత ఆయనే, పిల్లలందరూ అలాగే పిలుస్తారు. కానీ ఓర్లా పిలిస్తే వేరు. ఓర్లా మాలకీ కూతురు నూలా కూతురు. తండ్రీ కూతుళ్లకు రెండేళ్లుగా మాటల్లేవు. చేను అవతల ఓర్లా వాళ్ల ఇల్లు, ఇవతల బడి, మధ్యలో దిష్టిబొమ్మ. ఆ పిల్ల రోజూ దిష్టిబొమ్మకి చెయ్యూపి బడికి పోతుంది తప్ప తాత గుమ్మం దాటింది లేదు.

మాలకీ వెనక్కి తిరిగాడు. "నువ్వా?"

"బుధవారం సాయంత్రం. దాని టోపీ మాత్రం తియ్యలేదు, చలేస్తుందని."

"ఎందుకు తీశావే?"

ఓర్లా కత్తెర కింద పెట్టింది. "హాలోవీన్ రోజున పోయినవాళ్లు ఇంటికొస్తారు కదా. నేను అమ్మమ్మ కోటు వేసుకుని, ముఖానికి ముసుగేసుకుని వస్తే నువ్వు తలుపు తీస్తావని."

మాలకీ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.  

"మరి పెట్టెలో ఎందుకు పెట్టావు తల్లీ? పెట్టెలో పడితే కత్తిరిస్తామని నీకు తెలుసు కదా," అన్నాను.

"ఇంట్లో పెడితే అమ్మ చూస్తుంది. చూస్తే సంచిలో వేసి పారేస్తుంది, అప్పట్లాగా. అందుకని పెట్టెలో అట్టడుగున పెట్టాను మిస్. శనివారం దాకా మీరు అడుగు దాకా రారనుకున్నా." అక్కడిదాకా బిగబట్టిన ఏడుపు ఇప్పుడొచ్చింది. "మీరేమో పొద్దున్నే పెట్టె బోర్లించేశారు! నేను వచ్చేసరికి చేతులు ఊడిపోయి ఉన్నాయి!"

 నెల రోజులుగా ఒక్కరోజు కూడా ఆ పెట్టె బోర్లించని దానికి నాకు ఆ పొద్దున్నే బుద్ధి పుట్టింది.

మాలకీ వచ్చి పిల్లల కుర్చీలో కూలబడ్డాడు. మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. పిల్లలు నవ్వుతారేమో అనుకున్నాను, ఒక్కరూ నవ్వలేదు. ఓర్లాని దగ్గరికి రమ్మనలేదు గానీ, దాని వైపే చూస్తూ చెప్పాడు.

"మా అమ్మ పోయినప్పుడు ఆమె బట్టలు మా పెద్దమ్మ తొడుక్కుంది. మూడు ఆదివారాలు వరసగా అవే వేసుకుని చర్చిలో పూజకి వెళ్లింది. పోయినవాళ్ల బట్టలు సొంతవాళ్లో, దగ్గరివాళ్లో అలా మూడు ఆదివారాలు గుళ్లో కట్టుకుంటేనే అక్కడ వాళ్లకి అందుతాయి. లేకపోతే అక్కడ ఒంటి మీద నూలుపోగు ఉండదు. నాకు తెలిసిన శాస్త్రం అది. మీ అమ్మేమో పూడ్చిపెట్టిన వారానికే ఇరవై నల్ల సంచులు కట్టి పట్నం తీసుకెళ్లి పడేసింది. జేబురుమాలు దాకా ఏమీ మిగల్చలేదు. ఒక్క ఆదివారం, ఒక్క స్వెట్టరు కూడా ఎవరూ తొడుక్కోలేదు. రెండేళ్లుగా అది అక్కడ చలికి వణుకుతూ ఉంటుంది. దానికసలే చలి తట్టదు."

"మరి కోటు?" అన్నాడు డారా.

"కోళ్ల గూటి వెనక మేకుకుంది కాబట్టి మిగిలింది. నేను తొడుక్కుని గుడికి పోతే ఊరు నవ్వుతుంది. అడగడానికి నోరు రాలేదు. అలా మేకుకే చివికిపోతుందని దిష్టిబొమ్మకి తొడిగా. ఎవరో ఒకరి ఒంటి మీద ఉంటుంది కదా అని."

అడగడానికి నోరు రాలేదట. నేను రోజూ ఆ చేను పక్కనుంచే కొట్టుకి వెళ్తాను. నాది, రోజలీన్‌ది ఒకటే కొలత. ఆ కోటు దిష్టిబొమ్మకి ఎందుకు తొడిగాడని నేనొక్క మాట అడిగి ఉంటే మూడు ఆదివారాలు ఎప్పుడో అయిపోయేవి. పోయినవాళ్ల కోసం బోలెడు కన్నీళ్లు పెట్టుకుంటాం గానీ మిగిలిన వాళ్లను ఒక్క మాట అడగం. సిగ్గుపడ్డాను, ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుగానే ఉంది.

"నేను విప్పేసి మళ్లీ కోటు చేసేస్తాను," అన్నాను. "రెండు రోజులు టైమివ్వు."

"కత్తెర పడ్డ గుడ్డ," అన్నాడు మాలకీ. "అతుకుల బొంత అవుతుంది."

అప్పుడు డారా ముందుకొచ్చాడు. "తాతా, నేను గుడికి వేసుకెళ్తే అవుతుందా? కప్పలు పూజకి రావచ్చా?"

"నువ్వు సొంతవాడివి కాదు," అన్నాడు రెండో కవల, చాలా తెలిసినవాడిలా.

"ఓర్లా ఉంది కదా!"

ఓర్లా ముక్కు తుడుచుకుంది. బల్ల మీద పరిచిన ముక్కల్ని చూసింది. "తాతా, అందరం కలిస్తే ఒక కోటే కదా? ముక్కలన్నీ ఇక్కడే ఉన్నాయి. ఒక్కటి కూడా పారేయలేదు. నేను లైనింగ్ వేసుకుంటా. అందరం ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుంటాం. అప్పుడు అమ్మమ్మకి మొత్తం కోటు అందుతుంది."

మాలకీ బల్ల మీది ముక్కల్ని వేలితో లెక్కపెట్టాడు. 

"మూడు ఆదివారాలు," అన్నాడు చివరికి. "ఒక్కటి తప్పినా చెల్లదు."

"తోకలతోనా?" అన్నారు కవలలు ఒక్కసారే.

"తోకలతోనే. తోకలు లేకపోతే చేతుల్లేని కోటు అందుతుంది దానికి."

పిల్లల కేకలకి హాలు పైకప్పు లేచిపోయింది. నేను ఫాదర్‌గారి సంగతి ఎత్తాను. డ్రాగన్లూ కప్పా ముందు వరసలో కూర్చుంటే ఆయన ప్రసంగం ఏం చెప్పగలడు అన్నాను. మాలకీ లేచి టోపీ పెట్టుకున్నాడు.

"ఆయనకి చెప్పేది నువ్వే. కత్తెర నీదే కదా."

ఆ తరువాత బస్తాలు దింపారు. టర్నిప్ తొలచడం గుమ్మడికాయ తొలిచినంత తేలిక కాదు. రాయిలా ఉంటుంది. గంటలో మా హాలు చెంచాలన్నీ వంగిపోయాయి. మాలకీ చొక్కా చేతులు మడిచి, కత్తి ఎక్కడ దించాలో, గోడ ఎంత మందం ఉంచాలో ఒక్కొక్కరికీ చూపించాడు. తీసిన గుజ్జు మా పెద్ద గిన్నెలో సూపుకి వెళ్లింది. పండగయ్యాక దీపాలు తన గొర్రెలకే పడేయమన్నాడు, మసి తగిలినా అవి తినేస్తాయట. ఎర్ర లైనింగ్‌తో నేను ఓర్లాకి రాబిన్ పిట్ట వేషం కుట్టాను, రొమ్ము మీద ఎర్రగా. ఈసారి కుట్టు చూసుకుంటూ కుట్టాను.

వెళ్లబోతుంటే ట్రాక్టరు దగ్గర అడిగాను. "నూలాకి చెప్పనా?"

"ఏ నూలా?" అన్నాడు మాలకీ, ఇంజను స్టార్ట్ చేసి. రెండేళ్లుగా ఆ పేరు అతని నోట ఎవరూ వినలేదు. ఇప్పుడు విన్నానన్న తృప్తి కూడా లేకుండా అన్నాడు.

మనం ఒకరు వద్దంటే ఆగుతామా? శుక్రవారం సాయంత్రం నూలా ఇంటికి వెళ్లాను. మందుల కొట్లో పని ముగించుకుని అప్పుడే వచ్చింది, ఇంకా కొట్టు తెల్లకోటు విప్పలేదు. మూడు ఆదివారాల సంగతి చెబుతుంటే కెటిల్ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అమ్మకి చలేస్తోందనుకుంటున్నాడా? రెండేళ్లుగానా?"

"నీకు ఆ ఆచారం తెలీదా?"

"నాకెవరు చెప్పారు డింప్నా? బట్టలు పడేసి ఇంటికెళ్లేసరికి ఆయన అరుపులు. అమ్మంటే నాకు చీదరట, అందుకే పారేశానట." కెటిల్ పొయ్యి మీద పెట్టింది, నీళ్లు పోయకుండానే. "ప్రతి బట్టలోనూ అమ్మ వాసన. బీరువా తీస్తే అమ్మ. తువ్వాలు తీస్తే అమ్మ. ఊపిరాడలేదు నాకు. అవి ఇంకో రాత్రి ఆ ఇంట్లో ఉంటే నేను బతకననిపించింది. కట్టేశాను. పట్నం పోయే దారిలో రెండుసార్లు కారాపి ఏడ్చాను. వెనక్కి తిప్పే ధైర్యం లేదు."

"ఇదే వెళ్లి ఆయనతో చెప్పు."

"తలుపు తీస్తేగా. రెండు క్రిస్మస్‌లు తట్టాను. లోపల రేడియో సౌండు పెంచాడు." నా కోటు తెచ్చి చేతికిచ్చింది. ఇక వెళ్లమని అర్థం. నేను వెళ్లాను. ఇలాంటప్పుడు వెళ్లిపోవడం కూడా ఒక మర్యాదే.

శనివారం, హాలోవీన్ సాయంత్రం ఐదింటికి, వెలుగు ఇంకా పూర్తిగా పోకముందే పిల్లలు బయల్దేరారు. మొదటి ఇల్లు మాలకీదే కావాలని ఓర్లా పట్టు. చేను గట్టు మీద ముప్పై దుంప దీపాలు వరసగా నడిచాయి. కాలిన టర్నిప్ వాసన ముక్కులకి కొట్టింది. అది చిన్నప్పుడు మాకు తెలిసిన వాసన, మధ్యలో నలభై ఏళ్లు మరిచిపోయాం.

మాలకీ తలుపు తెరిచే ఉంచాడు. బల్ల మీద ఎండుద్రాక్షల రొట్టె కోసి పెట్టుంది. మా ఊళ్లో ఆట మీకు తెలిసిందే. వేషగాళ్లు నోరు విప్పకూడదు, ఇంటివాళ్లు పేరు చెప్పాలి. ఒక్కొక్కరికి మూడు అవకాశాలు. పేరు పట్టుకుంటే ముసుగు తీసి లోపలికి రావాలి, రొట్టె తినాలి. పట్టుకోలేకపోతే వచ్చినవాళ్లు అలాగే వెళ్లిపోవాలి.

"ఈ కప్ప... మన మేయరుగారా?" అన్నాడు మాలకీ. కప్ప కడుపు పట్టుకుని నవ్వింది. "కాదా? అయితే డారా." కవలల్ని కావాలనే రెండుసార్లు తారుమారు చేసి, మూడోసారి సరిగ్గా చెప్పాడు. ఎర్ర రొమ్ము రాబిన్ పిట్ట ముందుకొచ్చినప్పుడు పరాచికాలు ఆడలేదు. వంగి, మొదటిసారే, "ఓర్లా" అన్నాడు. ఆ పిల్ల ముసుగు తీసి, గుమ్మం దాటి లోపలికి వెళ్లింది. రెండేళ్ల తరువాత.

ఒక్కొక్కరే లోపలికి వెళ్లారు. చివర్లో ఒకరు మిగిలారు.

పిల్లలకంటే పొడుగు. నెత్తి నుంచి భుజాల దాకా గడ్డితో అల్లిన ముసుగు, పాతకాలపుది. కింద గోనె సంచులు కలిపి కుట్టిన అంగీ. ఆ రాత్రి తిరిగిన ముప్పై వేషాల్లో ప్రతి కుట్టూ నాకు తెలుసు. ఇది నేను కుట్టింది కాదు. సూది పట్టడం రానివాళ్లు ఒక్కరాత్రిలో తంటాలు పడి కుట్టుకున్న అంగీ అది. నిన్న సాయంత్రం నా కోటు చేతికిచ్చి పంపేసిన మనిషేనని నాకు అప్పుడే అర్థమైంది. 

"ఎవరబ్బా వీళ్లు?" అన్నాడు మాలకీ, ఇంకా ఆట హుషారులోనే. "మన పోస్టుమాన్ ప్యాట్ కాదు గదా?"

"కాదు!" అని లోపల్నుంచి పిల్లలు.

మాలకీ దుంప దీపం అందుకుని పైకెత్తాడు. ఆ మనిషి కదల్లేదు. ఎడమకాలి మీద బరువు వేసి, బొటనవేలు పిడికిట్లో దాచుకుని నిలబడింది. ఈ ఊళ్లో అలా నిలబడేది ఒక్క రోజలీనే. ఆమె రోడ్డు మీద బస్సు కోసం, గుళ్లో ప్రసాదం కోసం, నా కొట్లో కొలతల కోసం, ఎప్పుడూ అలాగే నిలబడేది. 

"రోజలీన్," అన్నాడు.

ఈసారి ఎవరూ కాదని అరవలేదు. గడ్డి ముసుగు సన్నగా ఊగింది. ముసుగు వెనక మనిషి ఏడుస్తోందని నాకు తెలిసింది, ఆట కట్టుబాటు కనక గొంతు రానివ్వడం లేదు. నేను చెప్పేద్దామని నోరు తెరిచి, మూసుకున్నాను. చెప్పాల్సింది నేను కాదు.

ఓర్లా గుమ్మంలోకి వచ్చి తాత చెయ్యి పట్టుకుంది. అది ఎంత ఒద్దికగా అందో చెప్పలేను.

"కాదు తాతా. రెండైపోయాయి. ఇంకొక్కటే ఉంది. తప్పు చెబితే వెళ్లిపోతుంది."

గోనె అంగీ మనిషి అప్పటికే ఒక అడుగు వెనక్కి వేసింది. మాలకీ దీపం కింద పెట్టేశాడు. రెండు చేతులతో గుమ్మం పట్టుకుని, నోరు తెరిచాడు.